మూడురేవుల నుంచి వచ్చిన మనిషి

ఐలీ కోస్కెల వంటకి వంక పెట్టిన మనిషి అమెరికా ఉత్తరాన ఉన్న మా హెర్రింగ్ పాయింట్‌లో ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినా నోరు విప్పే ధైర్యం ఉండేది కాదు. ఊళ్లో నలభై ఏళ్ల లోపు వాళ్లంతా బడిలో ఆవిడ వడ్డించింది తిని పెరిగినవాళ్లే. ఇరవై ఏడేళ్లు ఆ బడి వంటశాల ఆవిడ చేతుల మీదుగా నడిచింది. మనిషి పొడగరి. పిండి పిసికి పిసికి చేతులు కమ్మరివాడి చేతుల్లా తయారయ్యాయి. కుడి మోకాలు మాత్రం వాన వచ్చే ముందురోజే కబురు చెబుతుంది.

ఏడుగురు పిల్లల్లో నాలుగోది. పెద్దవాళ్లకి అందక, చిన్నవాళ్లలో కలవక, మధ్యలో పెరిగింది. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో "మీరు నిలబడండి, ఫోటో నేను తీస్తా" అనేది ఆవిడే. అందుకే ఆ ఇంట్లో ఎన్ని ఆల్బమ్‌లు తిరగేసినా ఐలీ కనపడదు. కుర్చీ తక్కువైతే లేచి నిలబడేదీ, కేకు ముక్క తక్కువైతే "నాకు తీపి పడదు" అనేదీ కూడా ఆవిడే. "నన్ను పట్టించుకోకండి" అన్న మాట రోజుకి పదిసార్లయినా ఆ నోట్లోంచి వచ్చేది. ఇలాంటి మంచితనం చూస్తే మెచ్చుకోవాలో, భుజాలు పట్టుకుని ఒకసారి కుదపాలో తెలియదు.

అలాంటి ఐలీని సోలవీర్‌కి తీసుకెళ్లింది ఒక విరిగిన మణికట్టు.

సోలవీర్ ఏ భూగోళం పుస్తకంలోనూ దొరకదు. క్లెమ్ ట్రెంబ్లే అని, మా జిల్లాలో పొలాల హద్దులు కొలిచే సర్వేయర్ ఒకడున్నాడు. పగలంతా జనాల కంచెల తగాదాలు తీర్చి తీర్చి విసుగెత్తి, ఎవడూ తగాదాకి రాని భూమి ఒకటి కావాలనిపించి, కాగితం మీద తనే ఒక లోకం గీసుకున్నాడు. నదులు, కొండలు, రెండు రాజ్యాలు, వాటికి పాత పగలు, పాటలు, పండుగలు. చూస్తూ చూస్తూ ఉండగానే అక్కడికి జనం వలస వెళ్లడం మొదలుపెట్టారు. ఏటా ఆగస్టులో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న పాత క్యాంపులో నాలుగు రోజులు, ఆ లోకపు మనుషుల్లా వేషాలు కట్టి ఆడే ఆట. డులూత్ నుంచి, గ్రీన్ బే నుంచి, డెట్రాయిట్ నుంచి కూడా నూట నలభై మంది వస్తారు. ఫోన్లు సంచుల్లో పెట్టేస్తారు, గడియారాలు తీసేస్తారు, తోలు కవచాలు తొడుక్కుంటారు, స్పాంజి చుట్టిన కత్తులు పడతారు. పిచ్చి అంటే పిచ్చే. అయితే ఏడాది పొడవునా ఇన్సూరెన్సు కాగితాలు నింపే మనిషి నాలుగు రోజులు కోట కాపలా కాస్తానంటే కాదనడానికి మనమెవరం!

పందొమ్మిదేళ్ల కిందట ఆ క్యాంపులో వంటావిడ మెట్ల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. క్లెమ్ పరుగున ఐలీ ఇంటికొచ్చాడు. ఐలీ సరేనంది. ఆవిడ మొగుడు ఆర్విడ్, శీతాకాలంలో రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు, వారం రోజులు నవ్వుతూనే ఉన్నాడు.

"గడ్డాలొచ్చిన మగాళ్లు కర్రలతో కొట్టుకుంటుంటే నువ్వు పక్కన నిలబడి సూపు పోస్తావా?"

"ఆకలేస్తే గడ్డాలున్నా తినాల్సిందే కదా."

"రాజుగారికి ఉప్పు ఎక్కువైతే నీ తల తీసేస్తాడేమో చూసుకో."

"నీకు పాతికేళ్లుగా వండుతున్నా, ఉంది కదా ఇంకా తల."

మొదటిరోజు క్లెమ్ ఆవిడకి పద్ధతులు చెప్పాడు. సోలవీర్‌లో అడుగు పెట్టేవాడు ద్వారం దగ్గర పేరు, ఊరు చెప్పాలి. చెప్పిన క్షణం నుంచి వాడు ఆ లోకపు మనిషే. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, డాక్టరు లాంటి వాళ్లు నుదుటికి తెల్లపట్టీ కట్టుకోవాలి. పట్టీ కట్టుకున్నవాళ్లు లేనట్టే లెక్క, ఎదురుగా నిలబడినా ఎవరికీ కనపడరు. పట్టీ లేనివాళ్లు ఉన్నట్టే లెక్క. లోపలున్నవాడికి హఠాత్తుగా బయటి పని పడితే అరచేయి నెత్తిన పెట్టుకుని నడవాలి. నోటితో "నేను లేను" అంటే చెల్లదు, చేయి నెత్తిన ఉండాల్సిందే. అన్నిటికంటే గట్టి నియమం ఒకటుంది. అక్కడ జరిగింది జరిగినట్టే. తిరిగి చెరపడానికి లేదు.

"కనపడకుండా ఉండటమేనా, అది నాకు కొత్తేం కాదులే" అని ఐలీ నవ్వి పట్టీ కట్టుకుంది.

కనపడని మనిషికి వినపడేవి మాత్రం తక్కువ కాదు. వడ్డించే కిటికీ ముందు వరసలో నిలబడి జనం తమ కుట్రలన్నీ అక్కడే పన్నుకునేవాళ్లు. కొండ రాజ్యం సేనాపతి ఎవరికి అమ్ముడుపోయాడో, తీరం రాణి తన చెల్లెల్ని ఎందుకు దూరం పెట్టిందో, ఏ గుహలో ఏ పత్రం దాచారో, అన్నీ గరిటె చేత్తో పట్టుకునే వింది. నాలుగేళ్లు గడిచేసరికి ఆ లోకం చరిత్ర క్లెమ్ తర్వాత అంత బాగా తెలిసిన మనిషి ఐలీయే. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

పదకొండేళ్ల కిందట మూడురేవులు తగలబడిపోయింది. రెండు రాజ్యాల మధ్య నది ఒడ్డున ఉండే చిన్న ఊరది. ఊరంటే నిజంగా అక్కడ గుడిసె కూడా లేదు, క్లెమ్ పటంలో ఒక చుక్క మాత్రమే. ఆ ఊరి మనిషినని చెప్పుకుని ద్వారం దాటినవాళ్లు ఎప్పుడూ లేరు. ఒక ఏడాది క్లెమ్ చుక్క పక్కన 'రాత్రికి రాత్రే కాలిపోయింది, ఎవరూ మిగల్లేదు' అని రాశాడు. కొండవాళ్లు కాల్చారని తీరంవాళ్లు, తీరంవాళ్లు కాల్చారని కొండవాళ్లు యుద్ధానికి దిగారు. ఎవరు కాల్చారో క్లెమ్ మాత్రం రాయలేదు. రాస్తే యుద్ధం అయిపోతుంది కదా.

ఐలీకి ఆ ఊరంటే ప్రాణం. ఎందుకో ఆవిడకే తెలియదు. ఊరు కాలిపోవడానికి చాలా ముందునుంచే, గిన్నెలు తోముకుంటూ ఆ చుక్కలోకి వెళ్లి వస్తుండేది. రేవు నుంచి మూడో ఇల్లు ఆవిడది. ముందు ఒక ఆపిల్ చెట్టు, పక్కన రాతి పొయ్యి. తెల్లారకముందే ఆవిడ రొట్టెలు కాలిస్తే వాసనకి పడవవాళ్లు దారి మార్చుకుని వచ్చేవాళ్లు. అక్కడ ఆవిడ పేరు ఇల్దా. ఆర్విడ్‌కి కూడా చెప్పలేదు ఈ మాట. చెబితే నవ్వుతాడని కాదు, నవ్వితే తను కూడా నవ్వేసి అంతటితో ఆ ఇల్లు మూసేస్తుందేమోనని భయం.

ప్రతి జులైలో ఒక నిర్ణయం తీసుకునేది. ఈసారి క్లెమ్‌ని అడగాలి. ఒక్క శనివారం, ఒక్క పూట, పట్టీ తీసి ద్వారంలోంచి లోపలికి వెళ్లాలి. ప్రతి ఆగస్టులో అడగకుండానే ఇంటికి వచ్చేసేది. తను లోపలికి వెళితే వంట ఎవరు చేస్తారు? ఈ వయసులో, ఈ మోకాలితో, ఇదేం సరదా అనుకోరూ? ఇలా ఏవో కారణాలు తనకి తనే చెప్పుకునేది.

ఈ ఏడాది ఆ కారణాలు కూడా చెల్లకుండా పోయాయి. వచ్చే ఏడాది నుంచి క్యాంపులో వంట ఉండదని, భోజనం అమ్మే బండ్లని పిలిపిస్తున్నామని క్యాంపు కమిటీ చెప్పేసింది. ఐలీకి అరవై రెండు. పట్టీతో అయినా, పట్టీ లేకుండా అయినా, సోలవీర్‌లో ఇవే ఆఖరి నాలుగు రోజులు. గురువారం అడుగుదామనుకుంది, అడగలేదు. శుక్రవారం క్లెమ్ కిటికీ దగ్గరికొచ్చి "ఏంటి ఐలీ, ఏదైనా కావాలా?" అన్నాడు కూడా. "ఉల్లిపాయలు" అంది ఐలీ. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి తనని తాను తాతల నాటి ఫిన్నిష్ భాషలో నాలుగు తిట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి మహాయుద్ధం. క్లెమ్ రెండేళ్లుగా దాని కోసమే తపిస్తున్నాడు. డులూత్ నుంచి వచ్చిన ఆరుగురు శీతాకాలమంతా గరాజ్‌లో కూర్చుని గుడ్డ గుండ్లు విసిరే చెక్కబండి ఒకటి తయారుచేసి ట్రక్కు మీద వేసుకొచ్చారు. యుద్ధానికి ముందు, పన్నెండింటికి, రాణులిద్దరూ మైదానం మధ్యలో కలిసి సంధి మాటలాడటం ఆనవాయితీ. ఏటా కలుస్తారు, ఏటా వద్దనుకుంటారు, పన్నెండున్నరకి అందరూ సూపుకి వస్తారు.

ఆ రోజు పన్నెండున్నర అయింది, ఒంటిగంట అయింది, కిటికీ ముందు నరపురుగు లేదు. తీరం రాణి యోలాండా పీట్రీ గ్రీన్ బేలో సిటీ బస్సు నడుపుతుంది. రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా బస్సు నడిపే మనిషికి మాట్లాడే అవకాశం దొరికితే ఆపుతుందా! కొండ రాణి డినీస్ వాల్‌గ్రెన్ పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఎదుటివాళ్లు నోరు తెరిచి ఉంచడం ఆవిడకి అలవాటే గనక ఓపిగ్గా వింటోంది. ఇక్కడ బఠానీ సూపు గట్టిపడుతోంది. చెంచా గుచ్చితే నిలబడే దాకా వచ్చింది.

ఐలీకి కోపం రాదు. చల్లారిపోతున్న వంట దగ్గర తప్ప. పొద్దున గరిటె చిందడంతో తెల్లపట్టీ సూపుతో తడిసింది, ఉతికి తాడు మీద ఆరేసింది. ఆ సంగతి మర్చిపోయింది. "మీరు రాకపోతే నేనే వస్తా" అనుకుంటూ నడుముకి ఆప్రాన్, తలకి గుడ్డ బిగించి, పెద్ద గిన్నె రెండు చేతులా ఎత్తుకుని, మోకాలు మూలుగుతున్నా లెక్కచేయకుండా మైదానంలోకి నడిచింది.

అడ్డంగా ఈటె పెట్టాడు కాపలా మనిషి గార్త్. పగటివేళ ఇన్సూరెన్సు అమ్ముకుంటాడు. వాడు ఐలీ నుదుటి వైపు చూశాడు. పట్టీ లేదు. ముఖం ఎక్కడో చూసినట్టే ఉంది, కానీ పట్టీ లేదు. నియమం నియమమే.

"ఆగు! ఎవరు నువ్వు? ఏ ఊరు?"

అప్పుడు ఐలీకి తాడు మీద ఆరేసిన పట్టీ గుర్తొచ్చింది. అరచేయి నెత్తిన పెట్టుకుంటే చాలు, ఆవిడ మళ్లీ లేని మనిషైపోయేది. కానీ పెట్టుకోవడానికి చేయి ఏదీ? రెండు చేతుల్లోనూ ఇరవై లీటర్ల సూపు ఉంది. కింద పెడదామంటే నేల ఏటవాలు, గిన్నె దొర్లిపోతుంది. నూట నలభై మంది తలలు తిప్పి ఆవిడ వైపు చూశారు. తెల్లపట్టీ మనిషి వైపు చూడని కళ్లు, పందొమ్మిదేళ్లలో మొదటిసారి, అన్నీ ఒకేసారి చూశాయి.

"ఇల్దా" అంది ఐలీ. "మూడురేవులు."

మైదానంలో ఎవరో కవచం సర్దుకున్న చప్పుడు కూడా వినపడింది. యోలాండా నోరు మూతపడింది. అది మామూలు విషయం కాదు.

"మూడురేవుల్లో ఎవరూ మిగల్లేదు" అంది డినీస్ మెల్లగా.

"నేను మిగిలాను. ముందు ఈ గిన్నె ఎవరైనా అందుకోండమ్మా, చేతులు పడిపోతున్నాయి!"

పరుగున వచ్చి రాణులిద్దరూ చెరో పిడి పట్టుకున్నారు. గిన్నె దిగింది. దానితో పాటు పదకొండేళ్ల పట్టుదల కూడా కాస్త దిగినట్టయింది, ఎందుకంటే ఆకలి మీదున్న సైన్యాలు రెండూ గిన్నె చుట్టూ మూగేశాయి. కప్పులు, చిప్పలు, ఒకడైతే శిరస్త్రాణమే పట్టుకొచ్చాడు. ఐలీ గరిటె తిప్పుతూ ఇద్దరు కొండవాళ్లకి, ఇద్దరు తీరంవాళ్లకి చొప్పున పోసింది. బడిలో కొట్టుకునే తరగతులకి అలాగే పోసేది.

మూడో గరిటె దగ్గర యోలాండా అడిగింది. "ఇల్దా, నువ్వు అక్కడున్నావు కదా. చెప్పు. ఊరు ఎవరు కాల్చారు?"

చెంచాలన్నీ గాల్లో ఆగిపోయాయి. కొండవాళ్లని చెబితే కొండవాళ్లు ఓడినట్టే, తీరంవాళ్లని చెబితే వాళ్లు. ఐలీ ఇద్దరి ముఖాలూ చూసింది. ఇద్దరికీ ఆవిడే వడ్డించింది ఇన్నేళ్లూ. అయినా ఆవిడకి ఆలోచించాల్సిన పని లేదు. ఆ ఇల్లు ఎలా కాలిందో ఆవిడకి తెలుసు.

"ఎవరూ కాల్చలేదు. నా పొయ్యే."

"ఏంటీ?"

"మర్నాడు పండగ. నలభై రొట్టెలు పొయ్యిలో పెట్టి మేక తప్పిపోయిందంటే రేవుకి వెళ్లాను. గాలి తిరిగింది. నిప్పురవ్వ మా కప్పు మీద పడింది, అక్కడినుంచి పక్కింటికి, ఆ పక్కింటికి. జనమంతా పడవలెక్కి తప్పించుకున్నారు, ఎవరికీ ఏం కాలేదు. నేను చెబుదామని వచ్చేసరికి మీరు అప్పటికే కత్తులు దూసేశారు. భయమేసింది. పదకొండేళ్లు నోరు మూసుకున్నాను."

తీరం సైన్యంలోంచి ఒకడు కుప్పకూలినట్టు గడ్డి మీద కూర్చుండిపోయాడు. "మా అన్నయ్య ఈ యుద్ధంలోనే పోయాడు! ఒక రొట్టెల పొయ్యి కోసమా?" అన్నాడు. పోయిన అన్నయ్య, ఈ ఏడాది వేరే పేరుతో కొండవాళ్లలో చేరినవాడు, పక్కనే మూడోసారి సూపు పోయించుకుంటున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, మైదానం మొత్తం నవ్వింది. యోలాండా నవ్వి నవ్వి కిరీటం పడేసుకుంది. సూపు గట్టిపడిందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

గిన్నె ఖాళీ అయ్యాక ఐలీ వంటింట్లోకి వచ్చి పడింది. తాడు మీంచి ఇంకా తడిగా ఉన్న పట్టీ తీసి కట్టుకుంది. పది నిమిషాల్లో క్లెమ్ వచ్చాడు. చేతిలో పటం చుట్ట, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఐలీ, ఏం చేశావో తెలుసా?"

"తెలుసు."

"బయట యుద్ధం లేదు. యుద్ధానికి కారణమే లేదు! డులూత్ వాళ్లు ఆ చెక్కబండి పక్కన పెళ్లి ఆగిపోయిన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు."

"పట్టీ ఆరేశాను క్లెమ్. చేతుల్లో గిన్నె ఉంది."

"అదే కదా." క్లెమ్ ఊపిరి పీల్చుకుని కుర్చీ లాక్కున్నాడు. చెడ్డవాడు కాదు, తన లోకం అంటే పిచ్చి ప్రేమ, అంతే. "చూడు, జరిగింది చెరపడానికి లేదు. కానీ పొరపాటున లోపలికొచ్చినవాళ్ల కోసం ఒక్క వెసులుబాటు పెట్టాను. వాళ్లంతట వాళ్లే నా ముందు 'నేను అక్కడ లేను' అనాలి. అంటే అది జరగనట్టే. ఒక్క మాట అనెయ్యి. నేను వెళ్లి చెబుతాను, మూడింటికి యుద్ధం మొదలవుతుంది. నిన్ను ఎవరూ ఏమీ అనరు, నేను చూసుకుంటా."

మాట నాలుక మీదే ఉంది. అరవై రెండేళ్లుగా ఆవిడ అంటున్నది అదే కదా, రకరకాలుగా. నేను లేను, నాకు వద్దు, మీరు కానివ్వండి. నూట నలభై మంది సరదా ఒకవైపు, ఒక ముసలి వంటావిడ ముచ్చట ఒకవైపు. ఇందులో ఆలోచించడానికేముంది?

కిటికీలోంచి బయటికి చూసింది. ఎప్పుడూ ఆ కిటికీలోంచి చిప్పలు పట్టుకున్న చేతులే కనపడేవి. ఇప్పుడు గడ్డి మీద కొండవాళ్లూ తీరంవాళ్లూ కలగలిసి కూర్చుని, మూడురేవుల్లో ఇల్దా ఇల్లు ఎక్కడుండేదో అని వాదించుకుంటున్నారు. ఒకడు కొండ వైపు అంటున్నాడు, ఇంకొకతె నది వైపు అంటోంది. ఇద్దరూ తప్పే. వాళ్లు మాట్లాడుకుంటున్నది తన ఇంటి గురించి.

"ఉన్నాను" అంది.

"ఏంటి?"

"నేను అక్కడే ఉన్నాను క్లెమ్. పట్టీ మర్చిపోవడం పొరపాటు. పేరు చెప్పడం పొరపాటు కాదు." చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంది, అవి తడిగా లేకపోయినా. "పదహారేళ్లుగా ఉంటున్నాను అక్కడ. అడుగుదామనుకున్నా ప్రతి ఏడాదీ. నిన్న కూడా అడుగుదామనుకుని ఉల్లిపాయలన్నాను. నీ యుద్ధం పాడుచేసినందుకు నిజంగా బాధగా ఉంది. కానీ లేనని మాత్రం చెప్పను. ఇంకెప్పుడూ చెప్పను."

క్లెమ్ పటం చుట్ట విప్పి రొట్టెల బల్ల మీద పరిచాడు. నది వంపులో చిన్న నల్లచుక్క మీద వేలు పెట్టాడు.

"రేవుకి ఎంత దూరం మీ ఇల్లు?"

"నూట ఇరవై అడుగులు. మూడోది. ముందు ఆపిల్ చెట్టు."

"నేల ఎలాంటిది?"

"ఇసుక కలిసిన బంకమన్ను. పొయ్యికి బాగుంటుంది."

సర్వేయరు అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగాడు. ఐలీ అన్నిటికీ జవాబు చెప్పింది. మేక పేరు కూడా చెప్పింది. ముప్పై ఏళ్లుగా ఆ లోకాన్ని గీస్తున్నాడు, తను గీయని ఇంట్లో ఒక మనిషి కాపురం పెట్టిందని ఇవాళ తెలిసింది. కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. అది మురికి తుడవడం కాదని ఐలీకి తెలుసు.

"నా రెండేళ్ల యుద్ధాన్ని బఠానీ సూపులో ముంచేశావు" అన్నాడు చివరికి. "సరే. ఉన్నానంటే ఉన్నట్టే. కానీ ఊరు తగలబెట్టినదానివి, ఊరికే వదిలేస్తామనుకున్నావా? నాలుగింటికి విచారణ. ఆ పట్టీ తీసి రా."

విచారణ అంటే అదీ విచారణ! యోలాండా నలభై నిమిషాలు నేరారోపణ చేసింది. అడగ్గానే నిజం ఒప్పుకుంది గనక శిక్ష తగ్గించాలన్నాడు గార్త్. డులూత్ వాళ్లు మాత్రం ఉరి తీయాల్సిందే అన్నారు, వాళ్ల కడుపుమంట వాళ్లది. ఐలీ మధ్యలో నిలబడి, నవ్వు ఆపుకోలేక, పశ్చాత్తాపపడుతున్నట్టు ముఖం పెట్టలేక నానా తంటాలు పడింది. రాణులిద్దరూ తలలు కలిపి తీర్పు చెప్పారు. నేరస్తురాలు చీకటి పడేలోగా, క్యాంపు పక్కనున్న వాగు ఒడ్డున, మూడురేవుల పొయ్యి మళ్లీ కట్టాలి. రాళ్లు రెండు సైన్యాలూ మోయాలి. చెక్కబండి మాత్రం పనిలేకుండా ఉండకూడదు గనక, రాత్రి భోజనానికి చేసిన చిన్న రొట్టెల్ని వాగు అవతల రాళ్లు ఏరుతున్నవాళ్లకి దానితో విసరాలి. మొదటి రొట్టె గాల్లో గిర్రున తిరిగి తీరం సేనాపతి వీపుకి తగిలినప్పుడు డులూత్ వాళ్ల కేకలు ఊళ్లోకి వినపడి ఉంటాయి.

పని మధ్యలో భోజనం వేళకి వంటింట్లో డినీస్ ఆప్రాన్ కట్టుకుని వడ్డించింది. చెయ్యి కుదరక సగం బయటపోసింది. ఐలీ చిప్ప పట్టుకుని వరసలో నిలబడింది, తన కిటికీకి అవతలి వైపు. ముందు పదకొండు మంది, వెనక ముప్పై మంది. "త్వరగా పోయవమ్మా!" అని అందరితో పాటు తనూ అరిచింది. ఎంత హాయిగా అనిపించిందో.

"వచ్చే ఏడాది ఎలా మరి, వంట లేదు కదా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"వంట లేకపోతే పీడా పోయింది. నేను ద్వారంలోంచే వస్తా" అంది ఐలీ.

ఏడింటికి ఆర్విడ్ ఐసు డబ్బాలు, పాల క్యాన్లు వేసుకుని వచ్చాడు. ఏటా శనివారం వస్తాడు. గార్త్ ఇచ్చిన పట్టీ నుదుటికి కట్టుకుని "నేను లేను బాబోయ్, నేను లేను!" అని దారి పొడవునా అరుస్తూ అందర్నీ నవ్విస్తాడు. ఈసారి వంటింట్లో పెళ్లాం కనపడలేదు.

"ఐలీ ఏదీ?"

"ఐలీ ఎవరు?" అన్నాడు గార్త్ బిగుసుకుని. "ఆ పేరుగల మనిషి ఇక్కడ లేదు. మూడురేవుల ఇల్దా ఉంది. పదకొండేళ్ల కిందట ఊరు తగలబెట్టి ఇప్పుడు శిక్ష అనుభవిస్తోంది."

వాడు చూపించిన వైపు ఆర్విడ్ చూశాడు. వాగు ఒడ్డున మోచేతుల దాకా బురదతో, తలగుడ్డ జారిపోయి, ఐలీ ఒక కవచధారిని దులిపేస్తోంది. "అలా పెడితే కూలుతుందయ్యా! పెద్దరాయి కింద, చిన్నరాయి పైన. ఏం నేర్పారు మీ రాజ్యంలో?" చుట్టూ ఇరవై మంది నిలబడి ఆవిడ ఎక్కడ చూపిస్తే అక్కడ రాళ్లు పెడుతున్నారు. ఎవరైనా ఫోటో తీస్తే బాగుండుననిపించే దృశ్యం, కానీ ఫోన్లన్నీ సంచుల్లో ఉన్నాయి. ఆవిడ తల వెనక్కి వాల్చి పెద్దగా నవ్వింది. నలభై నాలుగేళ్ల కాపురంలో ఆర్విడ్ ఆ నవ్వు ఎన్నిసార్లు విన్నాడో వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

గార్త్ అలవాటుగా తెల్లపట్టీ చాపాడు. ఆర్విడ్ దాని వైపు చూశాడు, తీసుకోలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నన్ను అడగవేం మరి?"

గార్త్‌కి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఈటె నిటారుగా పట్టుకున్నాడు. "ఎవరు నువ్వు? ఏ ఊరు?"

"పేరు ఏదో ఒకటి నువ్వే పెట్టు, నాకు అలాంటివి తోచవు. ఊరు మాత్రం మూడురేవులు." ఆర్విడ్ గొంతు సవరించుకున్నాడు. "కట్టెలకని వెళ్లి దారి తప్పాను. పదకొండేళ్లయింది. మా ఆవిడ ఇల్లు తగలబెట్టిందని ఇప్పుడే తెలిసింది."

ఐలీ ఆ మాట విని వెనక్కి తిరిగింది. చేతిలో రాయి అలాగే ఉంది.

"పదకొండేళ్లా! కట్టెలేవి?"

"తడిసిపోయాయి" అన్నాడు ఆర్విడ్. వాగులోకి బూట్లతోనే దిగి వచ్చి, ఆవిడ చేతిలోని రాయికి అటువైపు పట్టుకున్నాడు.